షుగర్ ఉన్నవాళ్లకు జ్యూస్: బండి మీది బత్తాయి నుంచి కోల్డ్ ప్రెస్ సీసా దాకా

"చక్కెర వేయకుండా ఒక బత్తాయి" అని చెప్పేసి నిశ్చింతగా నిలబడే షుగర్ పేషెంట్లు ఏ జ్యూస్ సెంటర్ దగ్గరైనా కనబడతారు. ఆ మాటతో తప్పేది పైన వేసే పంచదార ఒక్కటే. గ్లాసులో అప్పటికే ఉన్నదాని సంగతి ఎవరూ అడగరు. 250 మి.లీ. గ్లాసు నిండాలంటే మూడు నాలుగు బత్తాయిలు పిండాలి. బత్తాయి, కమలా రసాల్లో 100 మి.లీ.కు సుమారు 8 గ్రాముల చక్కెర సహజంగానే ఉంటుంది. అంటే గ్లాసుకు 20 గ్రాములు, చెంచాకు 5 గ్రాముల లెక్కన నాలుగు చెంచాలు. షాపువాడు మీ మాట మన్నించి నాలుగు చెంచాలు మానేశాడు, బత్తాయి మాత్రం తన నాలుగు చెంచాలు తాను వేసేసింది.

అందుకే ఈ సమీక్షలో అన్నింటికీ ఒకటే కొలత: గ్లాసు మొత్తానికి ఎన్ని గ్రాముల చక్కెర, దాని వేగాన్ని తగ్గించే పీచు ఎంత మిగిలింది. ఆ చక్కెర డబ్బాలోంచి వచ్చిందా, పండులోంచి వచ్చిందా అన్నది తర్వాతి ప్రశ్న. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015 మార్గదర్శకాలు కూడా తేనె, సిరప్‌లు, పళ్లరసాలు, నీరు తీసేసి చిక్కబరిచిన వాటి కాన్సన్‌ట్రేట్లలోని చక్కెరను పంచదారతో పాటు ఒకే ఖాతాలో వేశాయి. ఆ ఖాతా మొత్తం రోజువారీ కేలరీల్లో 10 శాతం దాటకూడదు, 5 శాతం లోపు ఉంటే ఇంకా మేలు. 2000 కేలరీలు తినే మనిషికి 50 గ్రాములు, 25 గ్రాములు అన్నమాట. కొరికి తినే పండులోని చక్కెర ఈ లెక్కలోకి రాదు.

పిండితే పోయేదేమిటి

మధ్యరకం ఆపిల్ 180 గ్రాములు తూగుతుంది. అందులో 19 గ్రాముల చక్కెర, 4 గ్రాముల పైచిలుకు పీచు. నమిలి తినడానికి ఐదు పది నిమిషాలు పడుతుంది, రెండోది తినబుద్ధి కాదు. అదే ఆపిల్ జ్యూస్ ఒక కప్పు, అంటే 240 మి.లీ. తీసుకుంటే 24 గ్రాముల చక్కెర, పీచు అర గ్రాము. నిమిషంలో ఖాళీ. 1977లో లాన్సెట్ పత్రికలో వచ్చిన ఒక ప్రయోగం ఇప్పటికీ ఈ విషయంలో మొదట చెప్పుకోదగ్గది. 60 గ్రాముల పిండిపదార్థాన్ని ఆరోగ్యవంతులకే మూడు రూపాల్లో ఇచ్చారు: ఆపిల్ ముక్కలుగా, గుజ్జుగా, రసంగా. పండు తిన్న వేగానికి 11 రెట్ల వేగంతో రసం లోపలికి వెళ్లింది. ఇన్సులిన్ ఎక్కువగా ఎగిసింది, తర్వాత గ్లూకోజ్ ఉండాల్సిన మట్టం కంటే కిందికి జారింది. ఆకలి కూడా తొందరగా వేసింది. షుగర్ ఉన్న ఒంట్లో ఆ ఇన్సులిన్ సమయానికి రాదు కాబట్టి మొదటి సగం, అంటే పైకి ఎగరడం మాత్రం పూర్తిగా కనిపిస్తుంది.

2013లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన, అమెరికాలోని వైద్య ఉద్యోగులను ఏళ్ల తరబడి గమనించిన అధ్యయనం కూడా ఇదే వైపు చూపించింది. బ్లూబెర్రీ, ద్రాక్ష, ఆపిల్ లాంటివి పండుగా తిన్నవాళ్లలో టైప్ 2 మధుమేహం ముప్పు తక్కువగా, రసంగా తాగినవాళ్లలో ఎక్కువగా తేలింది.

తిన్నది రక్తంలో గ్లూకోజ్‌ను ఎంతగా పెంచుతుందో చెప్పే అంకె గ్లైసెమిక్ ఇండెక్స్ (జీఐ). ఇక్కడ దాని పేరుతో ఒక బోల్తా ఉంది. ఆపిల్ జ్యూస్ జీఐ 40 చుట్టుపక్కల, కమలా రసం 50 దగ్గర. "లో జీఐ" అని రాయడానికి ఇది చాలు, కొందరు రాసేస్తారు కూడా. జీఐ అలా తక్కువగా కనిపించడానికి పెద్ద కారణం ఫ్రక్టోజ్ అనే పండ్ల చక్కెర. అది నేరుగా రక్తంలో గ్లూకోజ్‌గా తేలదు, కాలేయానికి వెళ్తుంది. గ్లూకోమీటర్‌లో కనబడనంత మాత్రాన లెక్క తీరిపోలేదు. అతిగా వెళ్తే ట్రైగ్లిజరైడ్లు, ఫ్యాటీ లివర్, యూరిక్ యాసిడ్ రూపంలో బయటపడుతుంది. పైగా జీఐ కొలిచేది నిర్ణీత గ్రాములకు. గ్లాసు ఎంత పెద్దదో దానికి తెలియదు.

బండ్లు, జ్యూస్ సెంటర్లు

బత్తాయి సంగతి చెప్పుకున్నాం. పిండే బండ్ల మీద తీసుకోక తప్పకపోతే వడకట్టకుండా, సగం గ్లాసు. దానిమ్మకు ఆరోగ్యం అన్న పేరు ఎంత గట్టిగా ఉందంటే, రక్తం పడుతుందని చెప్పి షుగర్ ఉన్న పెద్దవాళ్లకు రోజూ పట్టే ఇళ్లున్నాయి. దానిమ్మ రసంలో 100 మి.లీ.కు 12 గ్రాముల పైన చక్కెర, గ్లాసుకు 30 దాటుతుంది. రక్తం పట్టేంత ఇనుము అందులో లేదు. గింజలుగా అరకప్పు తింటే పంటి కింద పీచుతో సహా వెళ్తుంది, అదే సరైన దారి. నల్ల ద్రాక్ష రసం ఇంకా ముందుంటుంది: 100 మి.లీ.కు 14 గ్రాములు, గ్లాసుకు 35. కూల్‌డ్రింకుల్లో ఉండేది ఇంచుమించు 10, 11 గ్రాములే అన్నది గుర్తుంటే ఈ అంకె బరువు తెలుస్తుంది.

పుచ్చకాయ కొంత నయం. 100 గ్రాములకు 6 గ్రాముల చక్కెర, జీఐ 70 దాటినా చక్కెర పరిమాణం తక్కువ కాబట్టి రెండు వందల గ్రాముల ముక్కలు తినడంలో ఇబ్బంది లేదు. రసం చేసేసరికి పీచు పోయి 300 మి.లీ. గ్లాసు అవుతుంది, ఎర్రగా చిక్కగా కనబడ్డానికి సిరప్ పడుతుంది. వేసవిలో రోడ్డు పక్కన దొరికేదాన్ని ముక్కల ప్లేటుగానే కొనాలి, అదీ మీ కళ్ల ముందు కోసినదాన్ని.

సపోటా, మామిడి మిల్క్‌షేక్‌లకు మార్కులు వేయడం కూడా దండగే. సపోటాలో 100 గ్రాములకు 20 గ్రాముల పిండిపదార్థం. రెండు కాయలు, 150 మి.లీ. పాలు, మూడు చెంచాల పంచదార, పైన ఐస్‌క్రీమ్ అంటే ఒక పూట భోజనంలో ఉండాల్సిన పిండిపదార్థం గ్లాసులోనే అయిపోయింది. తర్వాత భోజనం మామూలుగానే నడుస్తుంది, అసలు చిక్కు అక్కడ. మామిడి ముక్కలు ఓ వంద గ్రాములు భోజనంలో అన్నం తగ్గించుకుని తినే వీలుంది. రసాలు జుర్రుకునేవాళ్లకు మాత్రం ఒక మాట: పెద్ద రసం ఒకటి పిండుకుని తాగాక ముక్కలు తిన్న లెక్క చెప్పుకోకూడదు. అది చెట్టు మీద కాసిన జ్యూస్.

చెరకు రసం విషయంలో తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాలు నేరుగా హెచ్చరించాయి: 100 మి.లీ.లో 13 నుంచి 15 గ్రాముల చక్కెర. బండి మీద ఇచ్చే గ్లాసు 250 మి.లీ. అనుకున్నా 35 గ్రాముల దాకా. దాదాపు అంతా సుక్రోజే, అంటే పంచదారే, పీచు మొత్తం గానుగ కింద పిప్పిలో పోయింది. అల్లం, నిమ్మకాయ వేయడం వల్ల రుచి మారుతుంది, చక్కెర మారదు. షుగర్ ఉన్నవాళ్లకు ఇందులో చిన్న గ్లాసు, పెద్ద గ్లాసు అన్న తేడా చూపించాల్సిన పని లేదు. వద్దు.

నీరా వేరే ప్రచారంతో వస్తుంది. హైదరాబాద్ నెక్లెస్ రోడ్డులో 2023లో నీరా కేఫ్ తెరిచాక నగరంలోనూ పరిచయమైంది. తాజా నీరాలో మద్యం ఉండదు, ఖనిజ లవణాలు ఉంటాయి, ఇవన్నీ నిజమే. అయినా అందులోని తీపి ప్రధానంగా సుక్రోజే, 10 శాతం అటూ ఇటూ. చల్లదనం తప్పితే గంటల్లో పులిసి కల్లు అవుతుంది. షుగర్‌ను తగ్గించే గ్లిమెపిరైడ్ మాత్ర, ఇన్సులిన్ వాడేవాళ్లకు అప్పుడు ఇంకో ప్రమాదం: మద్యం షుగర్‌ను ఆలస్యంగా, రాత్రివేళ పడగొట్టగలదు. రుచి చూడాలంటే పావు గ్లాసు, చల్లగా ఉన్నదే.

కొబ్బరి బోండానిదే ఈ వరుసలో మంచి మార్కు. 100 మి.లీ.కు 3 నుంచి 5 గ్రాముల చక్కెర, కాయ లేతదా ముదురుదా అన్నదాన్ని బట్టి. 300 మి.లీ. నీళ్లకు 9 నుంచి 15 గ్రాములు. రోజుకు ఒకటి చిన్నది, భోజనానికి భోజనానికి మధ్య, చాలామందికి సర్దుకుపోతుంది. రెండు షరతులు. ఒకటి, ఇతర జ్యూస్‌ల మాదిరిగా ఇదీ ఆహారం ఖాతాలోకే వస్తుంది, మంచినీళ్లు కాదు. రెండోది ముఖ్యం: 100 మి.లీ.కు దాదాపు 250 మి.గ్రా. పొటాషియం. షుగర్‌తో కిడ్నీలు దెబ్బతిన్నవాళ్లు, క్రియాటినిన్ పెరిగినవాళ్లు, టెల్మిసార్టాన్, రామిప్రిల్, స్పైరనోలాక్టోన్ లాంటి మాత్రలు వాడుతున్నవాళ్లు డాక్టర్‌ని అడక్కుండా రోజూ తాగకూడదు. ఈ మాత్రలు పొటాషియాన్ని బయటికి పోనివ్వవు. అది రక్తంలో పేరుకుంటే గుండె లయ తప్పుతుంది.

షాపులో అడగాల్సిన మాటలు కొన్ని. "చక్కెర వద్దు" అంటే సరిపోదు, "సిరప్ వద్దు, పాలు వద్దు, తేనె వద్దు" అనాలి. మిక్సీ జార్ కడిగి వేయమనాలి, ముందు గిరాకీ తాగిన మిల్క్‌షేక్ అడుగున మిగిలే ఉంటుంది. ఇవేవీ కాకుండా బయట దాహానికి ఏం తాగాలి అంటే, జ్యూస్ సెంటర్ మెనూలో చివర ఎక్కడో ఉండే సాల్ట్ లెమన్ సోడా. ఒక నిమ్మకాయ రసంలో చక్కెర గ్రాము దగ్గరే ఉంటుంది. బీపీ ఉంటే ఉప్పు చిటికెడు చాలనాలి. పక్క బండి మీద పల్చటి మజ్జిగ దొరికితే ఇంకా మంచిది. సబ్జా వేసిన నీళ్లు పర్వాలేదు, సబ్జా వేసిన షర్బత్ కాదు. సుగంధి షర్బత్ అన్నా, నన్నారి అన్నా, సీసాలో ఉన్నది చిక్కటి పంచదార పాకమే.

టెట్రాప్యాక్‌ల లేబుల్

సూపర్‌మార్కెట్ అరలో ఒకే రకం బొమ్మలతో మూడు వేర్వేరు వస్తువులు పక్కపక్కన నిలబడతాయి. ఫ్రూట్ డ్రింక్ అన్నదాంట్లో చట్టం అడిగే పండ్ల భాగం కనీసం 10 శాతం, నిమ్మకాయ డ్రింకుకైతే 5 శాతం. మిగతాది నీళ్లు, పంచదార, ఆమ్లం, వాసన. పసుపు సీసాల మామిడి డ్రింకులు ఈ జాతివే. చాలావాటి మీద 100 మి.లీ.కు 12 నుంచి 15 గ్రాముల చక్కెర రాసి ఉంటుంది, 600 మి.లీ. సీసా ఒక్కరే తాగేస్తే 70 గ్రాములు దాటుతుంది. రెండోది నెక్టార్, పండ్ల భాగం కొంచెం ఎక్కువ, పంచదార మాత్రం తప్పదు. మూడోది జ్యూస్, చాలామటుకు కాన్సన్‌ట్రేట్‌కు నీళ్లు కలిపి తిరిగి చేసినది.

ఈ మూడోదాని మీద ఏళ్లుగా కనబడ్డ "100 శాతం పళ్లరసం" అన్న మాటను తీసేయాలని దేశ ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2024 జూన్‌లో ఆదేశించింది. కాన్సన్‌ట్రేట్‌లో నీళ్లు కలిపినదాన్ని అలా పిలవడం వినియోగదారును తప్పుదారి పట్టించడమే అన్నది దాని వాదన. కిలోకు 15 గ్రాములు దాటి తీపి కలిపితే "స్వీటెన్డ్ జ్యూస్" అని రాయాలన్న నిబంధననూ గుర్తుచేసింది. మంచి పనే. కానీ షుగర్ ఉన్నవాళ్లకు ఆ మాట ఉన్నా లేకపోయినా ఫలితం ఒకటే.

లేబుల్ చదవడానికి వరుస ఉంది. ముందు వైపు ఉన్న ఏ వాక్యాన్నీ పట్టించుకోకుండా ప్యాక్ వెనక్కి తిప్పాలి. మొదట పిండిపదార్థాల అంకె, కార్బోహైడ్రేట్ అని ఉంటుంది. తర్వాత మొత్తం చక్కెర, దాని కింద కలిపిన చక్కెర. "నో యాడెడ్ షుగర్" ప్యాక్‌లో మూడోది సున్నా ఉంటుంది, రెండోది హాయిగా 10, 12 ఉంటుంది. మీ రక్తానికి సంబంధించింది రెండోది. ఆ అంకె 100 మి.లీ.కు ఇచ్చింది కాబట్టి ప్యాక్ పరిమాణంతో హెచ్చించాలి: 12 గ్రాములు, 200 మి.లీ. అంటే 24. పిండిపదార్థానికీ చక్కెరకూ మధ్య పెద్ద తేడా ఉంటే, ముఖ్యంగా నీళ్లలో కలుపుకునే పొడుల్లో, అక్కడ మాల్టోడెక్స్‌ట్రిన్ ఉందేమో చూడాలి. అది పిండి నుంచి తీసే పొడి, చక్కెర గడిలో కనబడదు, గ్లూకోజ్‌ను మాత్రం పంచదార కంటే వేగంగా పెంచగలదు. పదార్థాల జాబితా బరువు తగ్గే వరుసలో ఉంటుంది. "మిక్స్‌డ్ ఫ్రూట్" అన్నదాంట్లో బొమ్మ మీద ఉన్న పండ్ల కంటే ముందు ఆపిల్ లేదా ద్రాక్ష కాన్సన్‌ట్రేట్ కనబడితే అది తీపి కోసం వేసినదే.

సుక్రలోజ్ లాంటివి వేసిన "జీరో షుగర్" రకాలు రక్తంలో గ్లూకోజ్‌ను పెంచవు. బరువు తగ్గడానికి ఇలాంటి తీపి పదార్థాలు వాడొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో చెప్పినప్పుడు, ఇప్పటికే మధుమేహం ఉన్నవాళ్లను ఆ సిఫారసు నుంచి మినహాయించింది. ఆ వార్తను పంచుకునేవాళ్లు ఈ ముక్కను వదిలేస్తుంటారు. అప్పుడప్పుడు తాగితే నష్టం లేదు, రోజూ తాగాల్సిన అవసరమూ లేదు. ఒక జాగ్రత్త: జీరో షుగర్ అని ముందు రాసి ఉన్నా, వెనక పండ్ల కాన్సన్‌ట్రేట్ ఉందేమో చూడాలి.

మందుల షాపులో ఇంకో వేషం ఉండేది. పేరులో "ఓఆర్‌ఎస్" తగిలించుకున్న పళ్లరసం ప్యాక్‌లు. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం అసలు ఓఆర్‌ఎస్‌లో లీటరుకు 13.5 గ్రాముల గ్లూకోజ్ మాత్రమే. ఈ ప్యాక్‌లలో అంతకు ఎన్నో రెట్లు ఉండేది. హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడాక, 2025 అక్టోబర్‌లో ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆహార పానీయాల పేర్లలో ఆ మాట వాడకాన్ని నిలిపేసింది. విరేచనాలతో నీరసపడ్డ షుగర్ పేషెంట్‌కు ఇలాంటి తీపి ప్యాక్ పట్టడం రెండు విధాలా చెరుపు: షుగర్ పెరుగుతుంది, అతి చక్కెర పేగుల్లోకి నీటిని లాగి విరేచనాలను ఇంకా పెంచగలదు. లీటరు నీళ్లలో కలిపే 20.5 గ్రాముల పొడి సాషే అడిగి కొనాలి.

కోల్డ్ ప్రెస్, ఏబీసీ

ఖరీదుకు తగ్గ గౌరవం పొందుతున్న వస్తువు ఇది. నిదానంగా నొక్కి తీస్తుంది కాబట్టి వేడి పుట్టదు, విటమిన్ సి కొంత ఎక్కువ నిలుస్తుందంటారు, నురగ తక్కువ, రంగు బాగుంటుంది. చక్కెర? ఒక్క గ్రాము కూడా తగ్గదు. యంత్రానికి ఒక పక్క నుంచి పిప్పి వేరుగా బయటికి వస్తోందంటే కరగని పీచు అందులోనే పోతోందని అర్థం. బాగా పిండే యంత్రం కాబట్టి పండు నుంచి చక్కెర కూడా బాగానే వస్తుంది. ఆపిల్, బీట్‌రూట్, క్యారెట్ కలిపిన ఏబీసీ జ్యూస్ 250 మి.లీ.లో 20 నుంచి 25 గ్రాముల పిండిపదార్థం ఉంటుంది. ఆపిల్ తీసేసి కీర, పాలకూర, నిమ్మ, అల్లం వేస్తే 10 లోపుకు దింపొచ్చు. మూత్రంలో రాళ్లు వచ్చిన చరిత్ర ఉంటే బీట్‌రూట్, పాలకూర రెండూ ఆక్సలేట్ వల్ల పనికిరావు. షుగర్ కోసమే ఈ యంత్రం కొనాలనుకునేవాళ్లు ఆ డబ్బుతో గ్లూకోమీటర్ స్ట్రిప్పులు కొనుక్కుంటే మేలు.

ఇంట్లో మిక్సీలో వేసి వడకట్టకుండా తాగడం దీనికంటే నయం. పీచు నలిగినా గ్లాసులోనే ఉంటుంది. గింజలు కూడా నలిగే బెర్రీల లాంటి పండ్లతో చేసిన కొన్ని ప్రయోగాల్లో గ్లూకోజ్ పండు తిన్నప్పటికంటే ఎక్కువేమీ పెరగలేదు. ఇబ్బంది పరిమాణంతో: మిక్సీలోకి మూడు పండ్లు సులువుగా వెళ్తాయి.

నడక పార్కుల గేట్ల దగ్గరి పచ్చ రసాలు

పొద్దున్నే పరగడుపున కాకర, ఉసిరి, సొరకాయ, నేరేడు. నేరేడు తప్పిస్తే వీటిలో చక్కెర తక్కువ, కాబట్టి పై లెక్కలు వర్తించవు. వేరే లెక్కలున్నాయి. కాకర రసానికి గ్లూకోజ్‌ను కొంత తగ్గించే గుణం ఉంది, అది మందుకు ప్రత్యామ్నాయం అయ్యేంత నమ్మకమైనది కాదు. గ్లిమెపిరైడ్ లేదా ఇన్సులిన్ తీసుకుని, టిఫిన్ ఆలస్యం చేసి, మధ్యలో కాకర రసం తాగితే షుగర్ పడిపోయే ప్రమాదం ఉంది. చేదు తెలియకుండా గ్రీన్ ఆపిల్ కలిపి ఇచ్చే బండ్ల దగ్గర మళ్లీ చక్కెర లోపలికి వస్తుంది.

సొరకాయ విషయం తేలిగ్గా తీసుకోకూడనిది. కొన్ని కాయల్లో కుకుర్బిటాసిన్ అనే విషపదార్థం పేరుకుంటుంది, దాని గుర్తు చేదు. చేదు సొరకాయ రసం తాగి రక్తపు వాంతులతో ఆసుపత్రి పాలైనవాళ్లు, చనిపోయినవాళ్లు మన దేశంలో ఉన్నారు. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) ప్రత్యేకంగా నిపుణుల కమిటీ వేసి, చేదుగా ఉంటే ఒక్క గుక్క కూడా తాగొద్దని, ఇతర రసాలతో కలపొద్దని చెప్పింది. కలపొద్దు అనడానికి కారణం స్పష్టం: కాకరతో కలిపాక ఏ చేదు దేనిదో నాలుకకు తెలియదు. ముందుగా కాయ చివర చిన్న ముక్క కోసి నాలుకకు తాకించి చూడాలి. బండి మీద ఈ పరీక్ష ఎవరూ చేయరు కాబట్టి సొర-కాకర మిశ్రమాన్ని బయట తాగొద్దు.

ఉసిరి సీసాల్లో సాదా రసం అయితే 20 నుంచి 30 మి.లీ. నీళ్లలో కలిపి తాగొచ్చు. తేనె కలిపిన ఉసిరి అంటే అది వేరే సరుకు. నోని రసంలో పొటాషియం ఎక్కువ, కిడ్నీ సమస్య ఉంటే దూరం. "షుగర్‌ను నయం చేస్తుంది" అని ఏ సీసా మీద ఉన్నా ఆ సీసా నిబంధనను అతిక్రమిస్తున్నట్టే: 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం మధుమేహానికి అలాంటి ప్రకటనలను నిషేధించింది.

తేనె, బెల్లం, ఖర్జూరం

"పంచదార బదులు" అన్న బోర్డు ఇప్పుడు ప్రతి చోటా ఉంది. తేనె చెంచా 7 గ్రాములు, అందులో 5 గ్రాముల పైన చక్కెరే. చిక్కగా ఉంటుంది కాబట్టి చెంచాకు పంచదార కంటే బరువు ఎక్కువ. బెల్లం, అనకాపల్లి అచ్చు అయినా, సేంద్రియం అయినా, అత్యధిక భాగం సుక్రోజ్. తాటి బెల్లం, కొబ్బరి చక్కెర కూడా అదే కుటుంబం. ఇనుము ఉంది అనే మాట నిజమే కానీ, 10 గ్రాముల బెల్లంలో వచ్చే ఇనుము కోసం షుగర్‌ను బలి పెట్టక్కర్లేదు, గుప్పెడు తోటకూర చాలు. పెద్ద మెడ్జూల్ ఖర్జూరం ఒక్కటి తింటే 18 గ్రాముల పిండిపదార్థం, చిన్న రకం అయితే 6. ఖర్జూరం సిరప్‌లో ఆ పీచూ ఉండదు. వీటిలో నిజంగా చక్కెర లేనిది స్టీవియా ఆకు నుంచి తీసిన సారం ఒక్కటే, మన దేశంలో 2015 నుంచి అనుమతి ఉంది. సాషేలో దానికి తోడుగా లాక్టోజ్, మాల్టోడెక్స్‌ట్రిన్ ఎంత కలిపారో చూడాలి.

పండుగా తింటే 15 గ్రాముల పిండిపదార్థానికి ఏమేం వస్తాయో చెప్పుకుంటే తేడా తెలుస్తుంది. మధ్యరకం జామకాయ ఒకటి, 100 గ్రాములు, అందులో 5 గ్రాముల పీచు. బొప్పాయి 140 గ్రాములు. పుచ్చకాయ 200. మామిడి 100. సపోటా 75, అంటే చిన్నది ఒకటి. అరటిపండు 65, అంటే మధ్యరకంలో సగం పైచిలుకు. మన నేల మీద దొరికేవాటిలో జామకు పోటీ లేదు, ధరలోనూ. వీటిలో ఒకటి పూటకు, రోజుకు రెండు పూటలు, అన్నం మీద కాకుండా పొద్దున పదకొండుకో సాయంత్రం ఐదుకో. ఎప్పుడైనా జ్యూసే తాగాలనిపిస్తే 120 నుంచి 150 మి.లీ., టిఫిన్‌తో పాటు, ఒక ఇడ్లీ తగ్గించుకుని.

మీ ఒంటికి ఏది పడుతుందో గ్లూకోమీటరే చెబుతుంది, సరిగ్గా వాడితే. జ్యూస్ తాగాక గ్లూకోజ్ శిఖరం అరగంటకు, గంటకు వస్తుంది. రెండు గంటలకు మాత్రమే చూసుకుని "నాకేం పెరగలేదు" అనేవాళ్లు కొండ దిగాక కొలుస్తున్నారు. తాగే ముందు, 45 నిమిషాలకు, రెండు గంటలకు, మూడు అంకెలు కావాలి. పండు ఒలిచిన వేలిని సబ్బు, నీళ్లతో కడిగి ఆరబెట్టాకే గుచ్చాలి. వేలి మీది రసం బొట్టు అంకెను ఎంతగానో పెంచేస్తుంది, శానిటైజర్ లేదా స్పిరిట్ దూదితో తుడిచినా పూర్తిగా పోదని జపాన్‌లో జరిగిన ఒక పరీక్ష చూపించింది. ఆ తప్పుడు అంకెను నమ్మి ఇన్సులిన్ పెంచితే అసలు ప్రమాదం అప్పుడు.

జ్యూస్ నిజంగా మందు అయ్యే చోటు

షుగర్ 70 మి.గ్రా. లోపుకు పడిపోయినప్పుడు. చెమట, వణుకు, గుండె దడ, తికమక. ఇంతవరకు లోపంగా చెప్పుకున్న ప్రతి గుణం ఇక్కడ పనికొస్తుంది: పీచు లేదు, త్వరగా దిగుతుంది, గ్రాములు లెక్క తెలుసు. 15 గ్రాములు తీసుకుని, 15 నిమిషాలు ఆగి, మళ్లీ చూసుకుని, ఇంకా 70 లోపే ఉంటే మళ్లీ 15 గ్రాములు. జ్యూస్ అయితే 120 నుంచి 150 మి.లీ. చేతిసంచిలో ఉంచుకోవడానికి 200 మి.లీ. టెట్రాప్యాక్ సరిపోతుంది, అందులో 24 గ్రాముల దాకా ఉంటుంది కాబట్టి మొత్తం తాగేస్తే తర్వాత షుగర్ అవసరానికి మించి పెరగొచ్చు. మూడింట రెండు వంతుల దగ్గర ఆపాలి. జీరో షుగర్ రకం, మజ్జిగ, కొబ్బరినీళ్లు ఈ పనికి రావు. మిల్క్‌షేక్, చాక్లెట్ కూడా కాదు, కొవ్వు వల్ల ఆలస్యమవుతుంది. కిడ్నీ దెబ్బతిన్నవాళ్లు కమలా రసం బదులు ఆపిల్ లేదా ద్రాక్ష ప్యాక్ ఉంచుకోవాలి, పొటాషియం తక్కువ కాబట్టి.

మన దగ్గర చాలామంది వాడే వోగ్లిబోస్, ఇంకా అకార్బోస్ మాత్రలు వేసుకునేవాళ్లకు ఒక మినహాయింపు ఉంది. ఈ మందులు పేగుల్లో సుక్రోజ్ విడిపోకుండా ఆపుతాయి. అందుకే షుగర్ పడిపోయినప్పుడు పంచదార నీళ్లు, చెరకు రసం, తీపి కలిపిన డ్రింక్ వాళ్లకు సమయానికి పని చేయవు, పళ్లరసంలోని సుక్రోజ్ భాగం కూడా ఆలస్యమవుతుంది. వాళ్ల సంచిలో ఉండాల్సింది సాదా గ్లూకోజ్ పొడి లేదా గ్లూకోజ్ మాత్రలు. 15 గ్రాముల పొడి అర గ్లాసు నీళ్లలో. రుచులు కలిపిన పొడుల్లో పంచదార కూడా ఉండొచ్చు, లేబుల్ చూసి కొనాలి. మనిషి స్పృహలో లేకపోతే నోట్లో జ్యూస్ గానీ గ్లూకోజ్ నీళ్లు గానీ పోయకూడదు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చేయాలి.

తేరుకున్నాక భోజనానికి గంట పైన ఉంటే రెండు బిస్కెట్లో, ఒక ఇడ్లీనో తినాలి. గ్లిమెపిరైడ్, గ్లిబెన్‌క్లమైడ్ వాడేవాళ్లలో మందు ప్రభావం గంటల తరబడి ఉండి షుగర్ మళ్లీ పడిపోవచ్చు. కాబట్టి ఆ రోజంతా రెండు మూడు గంటలకోసారి చూసుకోవాలి, రాత్రి మోతాదు వేసుకునే ముందు డాక్టర్‌కు ఫోన్ చేసి అడగాలి.